వ్యాన్ డ్రైవర్ చేతిలో పెట్టే ఒక్క డాలర్: దానమా? ఋణమా?



దానం గురించి మనం చేసిన వీడియో చూసి ఒక సోదరి నాకు పెద్ద ఉత్తరం రాశారు. పేరు రాయొద్దన్నారు, రాయను. చిన్నప్పుడే అమ్మానాన్నలతో అమెరికా వెళ్లిపోయారు. ఇప్పుడు అక్కడే ఒక ఎయిర్‌లైన్‌లో ఫ్లైట్ అటెండెంట్. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదట.

ఆమె ప్రశ్న చూస్తే మొదట చాలా చిన్నదిగా అనిపిస్తుంది. "అన్నయ్యా, హోటల్ వ్యాన్ డ్రైవర్‌కి టిప్ ఇవ్వాలా, అక్కర్లేదా? ఇవ్వకపోతే పాపమా?" అంతే. నేను కూడా చదివి నవ్వుకున్నాను. ఒక్క డాలర్ సంగతికి పాపపుణ్యాలు ఎందుకమ్మా అనుకున్నాను. ఉత్తరం చివరిదాకా చదివాక మాత్రం నవ్వు రాలేదు.

ముందు జరిగింది చెప్తాను వినండి.

విమాన సిబ్బంది డ్యూటీ మధ్యలో వేరే ఊళ్లో రాత్రి ఆగాల్సి వస్తుంది. దాన్ని లేఓవర్ అంటారు. గదులు ఎయిర్‌లైనే హోటల్‌తో మాట్లాడి పెడుతుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి, మళ్లీ పొద్దున్నే హోటల్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి ఒక వ్యాన్ తిప్పుతుంది. సిబ్బంది జేబులోంచి దానికి చార్జీ కట్టక్కర్లేదు. కానీ అమెరికాలో ఒక ఆనవాయితీ ఉంది. డ్రైవర్ కిందకి దిగి బ్యాగులు ఎత్తి వెనక సర్దుతాడు, దిగేటప్పుడు తీసి ఇస్తాడు. దిగేవాళ్లు తలా ఒక డాలరో, రెండు డాలర్లో అతని చేతిలో పెడతారు. రూల్ పుస్తకంలో ఉండదు. ఎవరూ అడగరు. కానీ ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు ఈ సోదరి ఫ్లైట్ చాలా లేట్ అయింది. అర్ధరాత్రి దాటాక దిగారు. ఇద్దరు పైలట్లు, నలుగురు ఫ్లైట్ అటెండెంట్లు. వ్యాన్ వచ్చింది. డ్రైవర్ అరవై దాటిన మనిషి, ఒక మోకాలు సరిగ్గా వంగట్లేదు. అయినా ఆరు బ్యాగులూ ఎత్తి పెట్టాడు. హోటల్ దగ్గర దింపాడు. ఆ రోజు ఎవరి దగ్గరా చిల్లర లేదు. ఒకాయన "ఎయిర్‌లైన్ హోటల్‌కి డబ్బు కడుతోంది కదా" అని లోపలికి వెళ్లిపోయారు. ఈమె పర్సులో ఇరవై డాలర్ల నోటు ఒకటే ఉంది. అది ఇవ్వలేదు, చిల్లర అడగలేకపోయింది. థాంక్యూ అని గబగబా వెళ్లిపోయింది.

రెండు వారాల తర్వాత అదే ఊరు, అదే హోటల్, అదే డ్రైవర్. ఆ రోజు కూడా పర్సులో ఒక డాలర్ నోట్లు లేవు. అతను బ్యాగ్ కోసం చెయ్యి చాపాడు. ఈమె బ్యాగ్ గట్టిగా పట్టుకుని "వద్దు, నేనే పెట్టుకుంటాను" అంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏమీ అనలేదు. దారంతా ఈమె అద్దంలో అతని కళ్లు కనపడకుండా పక్కకి తిరిగి కూర్చుంది.

ఉత్తరంలో ఆఖరి మాటలు ఇవి: "మా తాతయ్య ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు అన్నయ్యా. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక నేను ఆయన కాళ్లు పట్టేదాన్ని. ఒక్క డాలర్ కోసం నేను ఒక డ్రైవర్ మొహం చూడలేకపోయాను."

ఇప్పుడు చెప్పండి, ఇది చిన్న ప్రశ్నేనా?

అసలు టిప్ అంటే ఏమిటి?

మనకి తెలిసిన మాటలు కొన్ని ఉన్నాయి. దానం, దక్షిణ, కూలి, లంచం. టిప్‌ని వీటిలో ఏ గదిలో పెట్టాలో తెలియకే మనకి ఇంత ఇబ్బంది. హైదరాబాద్‌లో ఆటో దిగేటప్పుడు "చాయ్‌కి ఉంచుకో అన్నా" అంటాం. అది సంతోషంగా ఇచ్చేది. ఇవ్వకపోయినా ఆటో అన్న లెక్క ఆ రోజుకి సరిపోతుంది, మీటరో బేరమో ముందే తేలింది కాబట్టి. అందుకే టిప్ అనగానే మన మనసులో "ఇష్టమైతే ఇచ్చేది, ఎక్కువగా ఇచ్చేది" అనే బొమ్మ వస్తుంది. ఆ బొమ్మనే అమెరికాకి పట్టుకెళ్తే తప్పు లెక్క అవుతుంది.

అక్కడి లెక్క వేరు. అమెరికా ఫెడరల్ చట్టంలో కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు. 2009 నుంచి అది మారలేదు. ఇక టిప్పులు వచ్చే పనుల్లో ఉన్నవాళ్లకి యజమాని గంటకి 2.13 డాలర్లు మాత్రమే ఇచ్చి, మిగతాది టిప్పుల్లోంచి వచ్చిందని చూపించుకోవచ్చు. టిప్పులు కలిపినా 7.25 కి చేరకపోతే ఆ తేడా యజమాని కట్టాలి. ఈ 2.13 అనే అంకె 1991 నాటిది. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి కొన్ని రాష్ట్రాలు ఈ పద్ధతి ఒప్పుకోవు, అక్కడ పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. హోటల్‌ని బట్టి, రాష్ట్రాన్ని బట్టి వ్యాన్ డ్రైవర్ల జీతం మారుతుంది. మనిషిని చూసి అతను ఏ లెక్కలో ఉన్నాడో చెప్పలేం. కానీ ఒకటి మాత్రం చెప్పొచ్చు. ఆ దేశంలో కొన్ని పనులకి జీతం నిర్ణయించేటప్పుడే "మిగతాది ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఇస్తారులే" అనే మాట లోపల దాగి ఉంటుంది.

ఇది ఈనాటిది కాదు. అంతర్యుద్ధం తర్వాత పుల్‌మన్ అనే కంపెనీ రైళ్లలో పడక పెట్టెలు నడిపేది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి మగవాళ్లని వాటిలో పోర్టర్లుగా పెట్టుకుంది. జీతం చాలా తక్కువ. ప్రయాణికుల టిప్పుల మీదే ఇల్లు గడవాలి. ప్రయాణికులు వాళ్ల సొంత పేర్లు కూడా అడిగేవారు కాదు, కంపెనీ ఓనర్ పేరు జార్జ్ కాబట్టి అందరినీ "జార్జ్" అనే పిలిచేవారు. టిప్పు కోసం ప్రతి పిలుపుకీ నవ్వాలి. 1925 లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో ఆ పోర్టర్లు యూనియన్ పెట్టుకున్నారు. పన్నెండేళ్లు పోరాడితే 1937 లో కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఈ మధ్యకాలంలోనే టిప్పింగ్ అనేది ప్రజాస్వామ్యానికి తగని అలవాటని కొన్ని రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి కూడా. 1909 లో వాషింగ్టన్ రాష్ట్రం మొదలుపెట్టింది. 1926 కల్లా ఆ చట్టాలన్నీ రద్దయిపోయాయి. అలవాటు మాత్రం నిలబడింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ ఒక్క డాలర్ వెనక ఇంత చరిత్ర ఉంది. అది "చాయ్‌కి ఉంచుకో" డాలర్ కాదు. ఎవరో కట్టకుండా వదిలేసిన కూలిలో ఒక ముక్క.

దానం కాదు, ఋణం

ఇక్కడ మన శాస్త్రం ఏమంటుందో చూద్దాం.

మనిషి పుట్టుకతోనే ఋణాలతో పుడతాడు అంటారు పెద్దలు. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం అందరికీ తెలిసినవే. శతపథ బ్రాహ్మణం నాలుగోది కూడా చెప్తుంది. తోటి మనుషులకి పడిన ఋణం. దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. గుడికి వెళ్తే దేవ ఋణం గుర్తొస్తుంది, తద్దినం పెడితే పితృ ఋణం గుర్తొస్తుంది. తోటి మనిషి ఋణం మాత్రం బిల్లు వచ్చినప్పుడే గుర్తొస్తుంది. బిల్లు రాకపోతే ఋణమే లేదనుకుంటాం.

దానానికీ ఋణానికీ తేడా చాలా సింపుల్. దానం చేస్తే నాకు పుణ్యం వస్తుంది. ఋణం తీరిస్తే నాకు పుణ్యం ఏమీ రాదు, బరువు దిగుతుంది అంతే. దానం చేసినవాడు తల ఎత్తుకుంటాడు. ఋణం తీర్చినవాడు ఎదుటివాడికి సమానంగా నిలబడతాడు. పాలవాడికి నెలాఖరున డబ్బులిచ్చి "నేను దానం చేశాను" అని ఎవరైనా అంటారా?

చెల్లెమ్మా, నీ ప్రశ్నకి నా మొదటి జవాబు ఇదే. ఆ దేశంలో, ఆ వ్యాన్ దగ్గర, ఆ డాలర్ దానం కాదు. ఋణం. బ్యాగ్ ఎత్తిన క్షణంలో పడిన చిన్న ఋణం. దాన్ని ఋణంలాగే తీర్చాలి. గొప్ప పడకుండా, ఆలోచించకుండా, వాయిదా వేయకుండా.

"మరి ఎయిర్‌లైన్ కట్టింది కదా?"

ఈ మాట అన్నాయనని నేను తప్పు పట్టను. ఆయన మాటలో న్యాయం ఉంది. హోటల్‌కి డబ్బు వెళ్తోంది. ఆ డబ్బులోంచి డ్రైవర్‌కి సరైన జీతం ఇవ్వాల్సిన బాధ్యత హోటల్‌ది. అలసిపోయి దిగిన ఆరుగురి జేబులది కాదు.

మహాభారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజు దగ్గరికి వచ్చి వరసగా ప్రశ్నలు వేస్తాడు. రాజ్యం ఎలా ఉందని ఊరికే అడగడు. నీ సైన్యానికి తిండి, జీతం సమయానికి ఇస్తున్నావా, ఆలస్యం చేయట్లేదు కదా అని అడుగుతాడు. అయోధ్యకాండలో చిత్రకూటానికి వచ్చిన భరతుణ్ణి రాముడు కూడా ఇదే అడుగుతాడు. అన్ని కన్నీళ్ల మధ్య కూడా రాముడికి సైనికుల జీతం గుర్తొచ్చింది చూడండి. పని చేయించుకున్నవాడు జీతం సమయానికి, సరిపడా ఇవ్వాలి. అది యజమాని ధర్మం. టిప్పుల మీద వదిలేస్తే ఆ ధర్మం సగం తప్పినట్టే.

కాబట్టి "ఈ పద్ధతే తప్పు, మనం ఇస్తూ పోతే ఇది ఎప్పటికీ మారదు" అనే వాదన కూడా కొట్టేయదగ్గది కాదు. చాలామంది చదువుకున్న పిల్లలు ఇదే అంటారు. నిజమే. కానీ ఒక్క ప్రశ్న వేసుకోండి. పద్ధతి మీద కోపం ఉంటే దాన్ని ఎక్కడ చూపించాలి? అర్ధరాత్రి పన్నెండున్నరకి, నొప్పి పెట్టే మోకాలితో బ్యాగులు ఎత్తే మనిషి మీదనా? మనం డాలర్ ఇవ్వడం మానేస్తే హోటల్ యజమానికి తెలియను కూడా తెలియదు. తెలిసేది ఆ డ్రైవర్‌కి ఒక్కడికే. అంటే మన నిరసన ఖర్చు అతని జేబులోంచి పోతోంది.

నిరసన చెప్పే చోటు వేరే ఉంది. చాలా ఎయిర్‌లైన్ యూనియన్లలో హోటల్ కమిటీలు ఉంటాయి. లేఓవర్ హోటళ్లు ఎలా ఉన్నాయో, రవాణా సమయానికి వస్తోందో లేదో చూసేది వాళ్లే. అక్కడ రాయండి. కాంట్రాక్టులోనే డ్రైవర్ల గ్రాట్యుటీ కలపమని అడగండి. ఒకవేళ మీ కంపెనీ కాంట్రాక్టులో ఆ డబ్బు నిజంగా ముందే కలిపి డ్రైవర్‌కి చేరుతుంటే మీ ఋణం అక్కడ తీరిపోయినట్టే, మళ్లీ ఇవ్వాల్సిన పని లేదు. కానీ "కలిపే ఉంటుందిలే" అనుకోవడం వేరు, కనుక్కోవడం వేరు. మనకి లాభం వచ్చే అనుమానాన్ని మనం ఎప్పుడూ పరీక్షించం. అది మనందరి బలహీనత.

"నాకే చాలట్లేదు అన్నయ్యా"

ఇది ఉత్తరంలో మధ్యలో ఒక వాక్యం. ఇది కూడా నిజమే. కొత్తగా చేరిన ఫ్లైట్ అటెండెంట్‌కి జీతం చాలా తక్కువ. పైగా అమెరికాలో చాలా ఎయిర్‌లైన్లలో ఎన్నో ఏళ్లపాటు గంటల జీతం విమానం తలుపు మూశాకే మొదలయ్యేది. ప్రయాణికుల్ని ఎక్కించడం, బ్యాగులు సర్దడం, ఏడ్చే పిల్లల్ని, కోపంగా ఉన్న పెద్దల్ని సముదాయించడం, ఇదంతా ఆ లెక్కలోకి వచ్చేది కాదు. 2022 లో డెల్టా బోర్డింగ్ సమయానికి కూడా సగం రేటు ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత మరికొన్ని కంపెనీలు యూనియన్ ఒప్పందాల్లో ఒప్పుకున్నాయి.

ఇంకో బాధ కూడా ఉంది. ఫ్లైట్ అటెండెంట్లకి డ్యూటీల మధ్య పది గంటల విశ్రాంతి ఉండాలని 2022 లో నియమం వచ్చింది. కానీ ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి వెళ్లే వ్యాన్ ప్రయాణం ఆ పది గంటల్లోంచే పోతుంది. వ్యాన్ ముప్పావు గంట లేట్ అయితే ముప్పావు గంట నిద్ర పోయినట్టే. అలా నిలబడి నిలబడి, చివరికి వచ్చిన డ్రైవర్‌కి నవ్వుతూ డాలర్ ఇవ్వాలంటే మనసు ఒప్పుకోదు.

చెల్లెమ్మా, ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఒక్కసారి అటునుంచి చూడు. తలుపు మూయకముందు చేసిన పనికి లెక్క లేదని నువ్వు ఎంత బాధపడి ఉంటావు? "విమానం ఇంకా కదల్లేదు కదా, అది పని ఎలా అవుతుంది" అని ఎవరైనా అంటే నీకు ఎలా ఉంటుంది? ఆ డ్రైవర్ బ్యాగ్ ఎత్తడం కూడా అలాంటిదే. వ్యాన్ నడపడానికి జీతం ఉంది, బ్యాగ్ ఎత్తడం ఎవరి లెక్కలోనూ లేదు. లెక్కలోకి రాని పని అంటే ఏమిటో ఆ వ్యాన్‌లో అందరికంటే బాగా తెలిసినది నీకే.

ఇక స్తోమత సంగతి. మన ధర్మం ఎప్పుడూ యథాశక్తి అనే అంటుంది. నెలకి పది లేఓవర్లు అనుకుందాం. రానూ పోనూ ఇరవై సార్లు వ్యాన్ ఎక్కుతావు. తడవకి ఒక డాలర్ అంటే ఇరవై డాలర్లు. అదీ కష్టమైన నెల ఉంటే ఉండొచ్చు. ఆ నెలలో ఇవ్వలేకపోతే పాపం అంటుకోదు. ఇక్కడ పెద్దవాళ్ల బాధ్యత కూడా ఉంది. కెప్టెన్ జీతం, కొత్త అటెండెంట్ జీతం ఒకటి కాదు. కొన్ని సిబ్బందుల్లో కెప్టెన్ అందరి తరఫునా ఒక నోటు ఇచ్చేసి మిగతావాళ్లని మాట్లాడనివ్వరు. ఉమ్మడి కుటుంబంలో పెద్దకొడుకు బిల్లు కట్టినట్టు. ఇది చదివేవాళ్లలో సీనియర్లు ఎవరైనా ఉంటే, ఆ పెద్దరికం మీరు తీసుకోండి.

ఎలా ఇవ్వాలి అన్నదే అసలు పరీక్ష

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో 20, 21, 22 శ్లోకాల్లో కృష్ణుడు దానాన్ని మూడు రకాలుగా విడదీస్తాడు. ఇవ్వాలి కాబట్టి, తిరిగి ఏమీ ఆశించకుండా, తగిన చోట, తగిన వేళ, తగినవాడికి ఇచ్చేది సాత్త్వికం. తిరిగి ఏదో వస్తుందని, లేదా మనసులో గింజుకుంటూ ఇచ్చేది రాజసం. తప్పు చోట, తప్పు వేళ, అవమానించి ఇచ్చేది తామసం. టిప్ దానం కాదు అన్నాం కదా, మరి ఈ కొలత ఎందుకు? ఋణం తీర్చే చేతికి కూడా ఈ మూడు గుణాలూ అంటుకుంటాయి కాబట్టి.

రేపు పొద్దున్న నాలుగు గంటలకి వ్యాన్ సరిగ్గా రావాలని ఇస్తే అది రాజసం. పక్కవాళ్లు ఇస్తున్నారు కాబట్టి మొహం చిట్లించి ఇస్తే అదీ రాజసమే. ఫోన్ మాట్లాడుతూ, అతని వైపు చూడకుండా, నోటు సీటు మీద పడేసి దిగిపోతే అది తామసం. డాలర్ అదే. చెయ్యి వేరు.

చోటు, వేళ అన్న మాట కూడా మర్చిపోవద్దు. ఇదే సిబ్బంది రేపు జపాన్ వెళ్తే అక్కడ టిప్ ఇచ్చే ఆచారం లేదు. డ్రైవర్ చేతిలో నోటు పెడితే ఇబ్బంది పడతాడు, మర్చిపోయారనుకుని వెనక పరిగెత్తుకొచ్చి ఇచ్చినా ఇస్తాడు. అక్కడ తల వంచి చెప్పే కృతజ్ఞతే సరైన ఋణవిమోచనం. ధర్మం ఒకటే, దాని వేషం దేశాన్ని బట్టి మారుతుంది.

బ్యాగ్ గట్టిగా పట్టుకున్న ఆ క్షణం

ఇప్పుడు నీ అసలు బాధ దగ్గరికి వద్దాం. నువ్వు డాలర్ ఇవ్వకపోవడం కాదు నిన్ను బాధపెట్టింది. బ్యాగ్ పట్టుకుని "వద్దు" అనడం. ఇవ్వడానికి లేదని సిగ్గుపడి, ఆ సిగ్గు కనపడకుండా ఉండడానికి అతన్నే దూరం పెట్టావు. అతనికి నీ పర్సు సంగతి తెలియదు. అతనికి తెలిసింది ఒక్కటే, ఈ అమ్మాయి నా చెయ్యి తన బ్యాగ్‌కి తగలనివ్వట్లేదు.

కుచేలుడు గుర్తున్నాడా? భార్య కట్టిచ్చిన అటుకుల మూట పట్టుకుని ద్వారక వెళ్లాడు. అక్కడి వైభవం చూశాక ఆ మూట ఇవ్వడానికి సిగ్గేసి దాచుకున్నాడు. కృష్ణుడే లాక్కుని తిన్నాడు. కుచేలుడికి కృష్ణుడు ఉన్నాడు కాబట్టి ఆ సిగ్గు స్నేహాన్ని పాడు చేయలేదు. మనకి ఎదురయ్యే మనుషులు మన మూట లాక్కోరు. మనమే విప్పాలి. లేదంటే మన సిగ్గు వాళ్లకి పొగరులా కనిపిస్తుంది.

కాబట్టి నోట్లు లేని రోజు ఏం చేయాలి? దాక్కోకు. అతని మొహం చూసి "ఇవాళ నా దగ్గర చిల్లర లేదండీ, క్షమించండి, చాలా థాంక్స్" అని చెప్పు. అతని పేరు ఛాతీ మీద బ్యాడ్జ్‌లో ఉంటుంది, పేరు పెట్టి చెప్పు. పేరు లేని జార్జ్‌గా అతన్ని మిగల్చకు. అతని మోకాలు నొప్పి చూసి సాయం చేయాలనిపిస్తే బ్యాగ్‌కి ఒక పక్క నువ్వూ పట్టు, లాక్కోకు. తర్వాతిసారి కనపడితే రెండుసార్ల బాకీ కలిపి ఇవ్వు. కానీ "థాంక్స్ చెప్పాను కదా, సరిపోయింది" అని మాత్రం లెక్క మూసేయకు. మాట మాటే, బాకీ బాకీయే. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టి మనల్ని మనం మోసం చేసుకోకూడదు.

సారథి అన్న మాట

చివరగా ఒక్కటి. మనం పూజించే కృష్ణుడికి ఎన్ని పేర్లున్నా, పార్థసారథి అన్న పేరు ఎంత మంది ఇళ్లలో వినపడుతుందో చూడండి. సారథి అంటే డ్రైవరే కదండీ. ద్రోణపర్వంలో సైంధవుణ్ణి వెతుకుతూ వెళ్లిన రోజున యుద్ధం మధ్యలో గుర్రాలు అలసిపోతాయి. అర్జునుడు నేల మీద నిలబడి శత్రువుల్ని ఆపుతుంటే, కృష్ణుడు గుర్రాలు విప్పి, వాటి ఒంట్లో గుచ్చుకున్న బాణాలు తీసి, నీళ్లు తాగించి, ఒళ్లు రుద్దుతాడు. జగద్గురువు చేసిన పని అది. అందులో చిన్నతనం ఏమీ కనపడలేదు ఆయనకి.

ఆ కథలోనే ఇంకో సారథి ఉన్నాడు. అధిరథుడు, కర్ణుణ్ణి పెంచిన తండ్రి. అస్త్రవిద్యా ప్రదర్శన రోజున కర్ణుడికి అప్పుడే అంగరాజ్య పట్టాభిషేకం అయింది. తల మీద అభిషేకం నీళ్లు ఇంకా ఆరలేదు. చెమటలు కక్కుకుంటూ, కర్ర పట్టుకుని, ముసలి అధిరథుడు సభలోకి వచ్చాడు. నిండు సభలో, రాజులందరి ముందు, కర్ణుడు విల్లు కింద పెట్టి ఆ తడి తల వంచి సారథికి నమస్కారం చేశాడు. భీముడు ఎగతాళి చేశాడు. చేయనీ. కర్ణుడి దానాల గురించి మనం ఎన్నో కథలు చెప్పుకుంటాం. నాకైతే ఆ రోజు అతను మొహం తిప్పుకోకపోవడం అన్ని దానాలకంటే పెద్దగా కనిపిస్తుంది.

నీ తాతయ్య కూడా సారథే కదా చెల్లెమ్మా. ఆర్టీసీ బస్సు దిగేటప్పుడు ఎవరో ఒక పెద్దావిడ "చల్లగా ఉండు నాయనా, జాగ్రత్తగా తీసుకొచ్చావు" అని ఉంటుంది. అది ఆయన ఇంటికి వచ్చి చెప్పుకుని ఉంటారు. టికెట్‌లో లేనిది అది.

ఇది చదువుతున్న మీలో విమానంలో పని చేసేవాళ్లు ఒకరిద్దరే ఉండొచ్చు. అమెరికా వెళ్లి హోటల్ షటిల్ ఎక్కేవాళ్లు ఇంకొందరు ఉండొచ్చు. వాళ్లకి చెప్పేది ఇంతే. బయల్దేరే ముందు ఒక డాలర్ నోట్లు ఓ పది మార్పించుకుని యూనిఫాం జేబులోనో, చేతి సంచీ బయటి జిప్పులోనో విడిగా పెట్టుకోండి. దిగేటప్పుడు వెతుక్కోకుండా, బ్యాగ్ అందుకునేటప్పుడే, మడిచి, కళ్లలోకి చూసి ఇవ్వండి. దాన్ని పుణ్యం ఖాతాలో వేసుకోవద్దు. తీరిన బాకీ ఖాతాలో వేసుకోండి.

ఆ సోదరికి నేను జవాబు రాశాను. నిన్న చిన్న మెసేజ్ వచ్చింది. వచ్చే నెల రోస్టర్‌లో మళ్లీ ఆ ఊరు పడిందట. "ఒక డాలర్ నోట్లు తెచ్చుకున్నాను అన్నయ్యా. ముందు బ్యాగ్ అతని చేతికి ఇస్తాను" అని రాసింది.

సర్వేజనాః సుఖినోభవంతు. మళ్లీ వచ్చే వారం కలుద్దాం.